ప్లూటియస్ ఎడమ పక్క

మొదటి రోజు

ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్పాను. ఎకైనోడర్మేటా పాఠం వచ్చిన ప్రతి ఏడూ బోర్డు మీద అవే బొమ్మలు వేసేదాన్ని: బైపిన్నేరియా, బ్రాకియోలేరియా, ఆరిక్యులేరియా, ప్లూటియస్. సముద్ర నక్షత్రాలు, ముళ్ళ బంతుల్లాంటి సీ అర్చిన్లు, వాటి చుట్టాలు గుడ్డు నుంచి బయటికొచ్చాక కొన్ని వారాలపాటు నీళ్ళలో తేలుతూ బతికే పసి రూపాలవి. మన పుస్తకాల్లో డింభకాలంటాం. పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కాబట్టి పిల్లలు బొమ్మలతో సహా బట్టీ పట్టేవాళ్ళు. బొమ్మ కింద నేను చెప్పి రాయించే చివరి వాక్యం ఎప్పుడూ ఒకటే: "ఈ డింభకం రూపవిక్రియ చెంది ప్రౌఢజీవిగా మారుతుంది."

ఆ వాక్యం ఎన్ని వందల నోటు పుస్తకాల్లోకి ఎక్కిందో లెక్కలేదు. ఆ మారడం ఎలా ఉంటుందో మాత్రం నేను ఒక్కసారి కూడా చూడలేదు. మా కాలేజీ లాబ్‌లో ఉన్నవి రంగు వెలిసిన హోల్ మౌంట్ స్లైడ్లు. ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు గుర్తుపట్టాల్సిన స్పాటర్లుగా పెట్టి మళ్ళీ బీరువాలో పెట్టేసేవాళ్ళం. కాకినాడలో ఉద్యోగం, పక్కనే సముద్రం. ఆ నీళ్ళలోనే ఇవన్నీ ఉంటాయని తెలుసు. ఒక బకెట్ నీళ్ళు తెచ్చి మైక్రోస్కోప్ కింద పెట్టడానికి ఎప్పుడూ కుదరలేదు. సిలబస్ పూర్తి చేయాలన్న టెన్షన్‌తోనే సర్వీసంతా గడిచిపోయింది.

మా తమ్ముడి కూతురు ఈ వేసవిలో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, ఫ్రైడే హార్బర్ లాబొరేటరీస్‌లో రీసెర్చ్ చేస్తోంది. నేను బాథెల్‌లో మా అబ్బాయి ఇంటికి వచ్చానని తెలిసి ఫోన్ చేసింది. "అత్తా, నువ్వు బోర్డు మీద వేసేదానివే, అవన్నీ ఇక్కడ బతికున్నాయి. అయిదు రోజులు నాకివ్వు. వచ్చెయ్."

పొద్దున్నే మా అబ్బాయి అనకోర్టెస్ రేవులో దింపాడు. అక్కడి నుంచి సాన్ వాన్ దీవికి ఫెర్రీలో గంటకు పైగా ప్రయాణం. దారంతా దీవులే. నీళ్ళ అంచుదాకా దిగివచ్చిన డగ్లస్ ఫర్ చెట్లు, మధ్యమధ్య ఎర్రటి బెరడు పొరలు పొరలుగా ఊడిపోతున్న మడ్రోనా చెట్లు. కోడలు కట్టిచ్చిన పులిహోర డెక్ మీద నిలబడే తిన్నాను. జూన్ నెలలో కూడా ఆ గాలికి చేతులు కొంకర్లు పోయాయి.

లాబ్‌లు ఊరికి ఎదురుగా, రేవు అవతలి ఒడ్డున అడవిలో ఉన్నాయి. యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ వాళ్ళది ఈ కేంద్రం, 1904లో మొదలైంది. పెద్ద భవనాలేమీ లేవు. చెట్ల మధ్య విడివిడిగా చిన్న చిన్న లాబ్‌లు, ప్రతి లాబ్‌లో నడుమెత్తున పొడవాటి తొట్టి బల్లలు. వాటిని సీ టేబుల్స్ అంటారు. సముద్రం నీళ్ళు పైపుల్లో వచ్చి రాత్రీపగలూ వాటి మీదుగా పారుతూనే ఉంటాయి. ఏడాది పొడవునా దాదాపు పది డిగ్రీల చల్లదనం. ఏ లాబ్‌లోకి అడుగుపెట్టినా ముందు వినిపించేది ఆ నీటి గలగలే.

రాత్రి పది దాటాక గానీ చీకటి పడలేదు. డాక్ చివర పడుకుని టార్చి వేసి నీళ్ళలోకి చూశాం. అరచేయంత వెడల్పున, గాజు గిన్నె బోర్లించినట్టున్న జెల్లీఫిష్ ఒకటి నెమ్మదిగా వచ్చింది. పేరు ఈక్వోరియా విక్టోరియా. 1961 వేసవిలో ఒసాము షిమోమురా, ఫ్రాంక్ జాన్సన్ ప్రిన్స్‌టన్ నుంచి ఇక్కడికి వచ్చి, ఈ రేవులోనే వలలతో వీటిని దాదాపు పదివేలు పట్టారు. గొడుగు అంచున ఉండే వెలుగు కణాలను కత్తిరించి తీసి, వెలుగునిచ్చే పదార్థం కోసం వెతికారు. ఎన్ని రోజులు చేసినా పట్టు దొరకలేదు. ఒక సాయంత్రం పనికిరాదనుకున్న ద్రావణాన్ని షిమోమురా సింక్‌లో పారబోస్తే సింకంతా నీలంగా వెలిగింది. అందులోకి సముద్రం నీళ్ళు కూడా వచ్చి పడుతున్నాయి. ఆ నీళ్ళలో ఉన్న కాల్షియమే మీట అని అప్పుడు అర్థమైంది. ఆ పనిలోనే పక్కన దొరికిన ఆకుపచ్చ ప్రొటీన్ జీఎఫ్‌పీ. బతికున్న కణంలో ఏ జన్యువు ఎప్పుడు, ఎక్కడ పనిచేస్తోందో కంటితో చూడటానికి ఈరోజు ప్రపంచమంతా వాడే దీపం అది. 2008లో షిమోమురాకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది.

ఒకప్పుడు ఈ రేవు నిండా ఇవే ఉండేవట. గంటసేపు చూస్తే మాకు మూడు కనిపించాయి.

రెండో రోజు

ఇక్కడ వేసవిలో పెద్ద ఆటుపోట్ల సమయంలో నీళ్ళు బాగా వెనక్కి తగ్గేది పగటిపూటే. చలికాలంలో అదే అర్ధరాత్రి. పొద్దున లాబ్ కిందున్న రాళ్ళ మీదికి దిగాం. ఊదారంగు సముద్ర నక్షత్రాలు బండల పగుళ్ళలో ఒకదాన్నొకటి హత్తుకుని ఉన్నాయి. పువ్వుల్లా విచ్చుకునే సీ ఎనిమోన్లు నీళ్ళు లేక ముడుచుకుపోయి పచ్చి జిగురు ముద్దల్లా ఉన్నాయి. ఒకటి చేతిలోకి తీసుకుని చూడబోతే మేనకోడలు ఆపింది. "తియ్యకు అత్తా, చూసి వదిలెయ్." ఈ దీవుల చుట్టూ ఉన్న సముద్రాన్ని జీవశాస్త్రం కోసం రక్షిత ప్రాంతంగా చట్టం చేసి వందేళ్ళు దాటింది. తెచ్చుకోవాలంటే అనుమతి కావాలి.

మధ్యాహ్నం అసలు పని. ఒక తొట్టిలో ఇసుక, ఇసుకలో సగం పాతుకుని ఏటవాలుగా నిలబడ్డ సాండ్ డాలర్లు, బిళ్ళల్లా చదునుగా ఉండే ఒక రకం సీ అర్చిన్లు. మన తీరంలో కూడా వీటి చుట్టాల పెంకులు కొట్టుకొస్తాయి, తెల్లటి బిళ్ళలు, మధ్యలో అయిదు రేకుల పువ్వు చెక్కినట్టు. పిల్లలు ఏరుకుని ఇంట్లో పెట్టుకుంటారు. బతికున్న సాండ్ డాలర్ మాత్రం తెల్లగా ఉండదు. ముదురు ఊదారంగు, ఒళ్ళంతా మఖమల్ గుడ్డలాంటి పొట్టి ముళ్ళు. చేతిలో పెట్టుకుంటే అరచేతి మీద ఏదో పాకుతున్నట్టు ఉంటుంది, ఆ ముళ్ళన్నీ కదులుతాయి కాబట్టి. ఇక్కడి జాతి పేరు డెండ్రాస్టర్ ఎక్సెంట్రికస్.

కొద్దిగా పొటాషియం క్లోరైడ్ సూదితో ఎక్కిస్తే కండరాలు బిగుసుకుని గుడ్లో, వీర్యమో బయటికి వస్తుంది. బయటికి చూస్తే ఆడామగా తేడా తెలియదు, ఏది వస్తే అది. గుడ్లను మైక్రోస్కోప్ కింద పెడితే ప్రతి గుడ్డు చుట్టూ జెల్లీ పొర, ఆ పొరలో ఎర్రటి చుక్కలు. కుంకుమ చల్లిన ముత్యంలా ఉంది.

వీర్యాన్ని సముద్రం నీళ్ళలో బాగా పల్చన చేసి, ఆ నీళ్ళు రెండు చుక్కలు మాత్రమే వేయాలి. మేనకోడలు ఆ మాట చెప్పి ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్ళింది. నేను ఆత్రంలో పల్చన చేయని చిక్కటి చుక్కే వేసేశాను. నిమిషం తిరగకుండా గుడ్ల చుట్టూ ఫలదీకరణ పొర పైకి లేచింది. ముందు ఒక వైపు పొంగు, తర్వాత గుండ్రంగా చుట్టూ ఒక వెలుగు వలయం. బోర్డు మీద చాక్‌పీస్‌తో గీసిన రెండో గీత ఇదేనా అని గొంతు పట్టేసింది. అంతా సరిగ్గానే జరిగిందనుకున్నాను.

రెండు గంటలకు మొదటి విభజన. మేనకోడలి గిన్నెలో ప్రతి గుడ్డూ చక్కగా రెండుగా చీలింది. నా గిన్నెలో చాలావాటికి ఒక్కసారే మూడు, నాలుగు కణాలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వీర్యం ఎక్కువై ఒక్కో గుడ్డులోకి రెండేసి వీర్యకణాలు దూరాయి. ఇక అవి బతకవు. నాకు చాలా బాధేసింది. వందల గుడ్లు.

మేనకోడలు గిన్నె పారబోయలేదు. "దీని మీదే కదా అత్తా బోవెరీ క్రోమోజోముల సంగతి తేల్చింది" అంది. నాకు వెంటనే వెలిగింది. నేపుల్స్‌లోని జంతుశాస్త్ర కేంద్రంలో థియోడోర్ బోవెరీ సరిగ్గా ఇలాంటి సీ అర్చిన్ గుడ్లనే కావాలని తయారుచేశాడు. రెండు వీర్యకణాలు దూరిన గుడ్డులో క్రోమోజోములు మూడు నాలుగు వాటాలుగా ఎలాబడితే అలా పంపకమవుతాయి. ఏ కణం వాటాకు ఏది వచ్చిందో, ఏది రాలేదో దాన్ని బట్టి ఒక్కో కణం ఒక్కో రకంగా ఎదిగింది, చాలావరకు చచ్చిపోయింది. క్రోమోజోములన్నీ ఒకేలాంటివైతే ఈ తేడా ఉండకూడదు. అంటే ఒక్కో క్రోమోజోము పని వేరు, పిండం సరిగ్గా పెరగాలంటే అన్నీ ఉండాలి. 1902లో ఆయన ప్రకటించిన మాట అది. జన్యుశాస్త్రం పాఠంలో ఆ పేరు చెప్పేదాన్ని. ఆయన చూసినదాన్నే ఇప్పుడు చూస్తున్నానని అనుకుని, నా గిన్నెలో కణాలు ఒక్కొక్కటే చెదిరిపోయేదాకా కూర్చున్నాను.

మూడో రోజు

పొద్దున్న లేచేసరికి మేనకోడలి గిన్నెలోని పిండాలు పొర చీల్చుకుని బయటికి వచ్చేశాయి. బోలు బంతులు, ఒళ్ళంతా సీలియా అనే సన్నటి కదిలే వెంట్రుకలు, గిరగిర తిరుగుతూ పైకి ఎక్కుతున్నాయి. కానీ ఈ రోజు నేను చూడటానికి వచ్చింది వాటిని కాదు. మూడు వారాల వయసున్న వేరే జాడీ ఉంది.

ఆ జాడీలోంచి ఒక చుక్క తీసి స్లైడ్ మీద వేసి, కవర్ స్లిప్ నాలుగు మూలలకీ మైనం ముద్దలు పెట్టి, "చూడు" అంది.

ప్లూటియస్.

ముందు కనిపించింది అస్థిపంజరం. గాజు కడ్డీల్లాంటి సన్నటి సున్నపు ఊచలు, ఒక్కో చేతికి ఒకటి. మైక్రోస్కోప్‌కున్న పోలరాయిడ్ ఫిల్టర్ తిప్పితే చీకట్లో ఆ ఊచలు మాత్రమే తళుక్కున మెరిశాయి. చేతుల అంచు వెంట సీలియా పట్టీ, ఎండలో వరి చేను మీద గాలి పరుగెత్తినట్టు అల. ఆ అలతో పాటు ఒక శైవల కణం, ఎర్రటిది, చేతుల మధ్యకు కొట్టుకొచ్చి నోటి దగ్గర ఆగింది. గొంతు ఒక్కసారి పిండినట్టు ముడుచుకుంది. కణం గుటుక్కున కడుపులోకి జారింది. కడుపులో అప్పటికే పది పన్నెండు ఎర్ర చుక్కలు సుడి తిరుగుతున్నాయి.

నేను లెక్కలేనన్నిసార్లు గీసిన కడుపు అది. అందులో ఎప్పుడూ తిండి వేయలేదు.

1846లో యోహానెస్ ముల్లర్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఉత్తర సముద్రంలో హెలిగోలాండ్ దగ్గర ఇలాంటిదాన్ని చూసి దానికి ప్లూటియస్ పారడాక్సస్ అని పేరు పెట్టాడు. అప్పటికి అది ఏ జంతువు బిడ్డో ఆయనకు తెలియదు. విడిగా ఒక కొత్త జంతువే అనుకున్నాడు. తర్వాత తెలిసింది, అది సముద్ర నక్షత్రాల చుట్టం బ్రిటిల్ స్టార్ పిల్ల అని. ఆయన్ను తప్పు పట్టలేం. దీన్ని చూసి ఎవరైనా ఇది సాండ్ డాలర్ అవుతుందని ఊహించగలరా?

"ఇప్పుడు ఎడమ పక్క చూడు."

కడుపు పక్కన ఒక మసక మచ్చ, గుండ్రంగా. నాకు అది కుడివైపు కనిపిస్తోంది. ఆ మాటే అన్నాను. "నీ ఎడమ కాదత్తా, దాని ఎడమ. ఇలా పడుకుంది చూడు, పొట్ట మనవైపు." అప్పుడు అర్థమైంది. ఆ మచ్చే రుడిమెంట్. పుట్టబోయే సాండ్ డాలర్. డింభకం దేహంలో ఎడమ పక్కన మాత్రమే, చర్మం లోపలికి కుంగి, లోపలి సంచి ఒకటి దానికి వచ్చి అతుక్కుని, ఆ రెండూ కలిసిన చోట అయిదు మొటిమలు మొలుస్తాయి. అవి అయిదు నాళపాదాలవుతాయి, నడవడానికి వాడే గొట్టాల్లాంటి మెత్తటి పాదాలు. అంటే డింభకం ఒళ్ళంతా సాగి, వంగి పెద్దదవడం లేదు. దాని పక్కటెముక చోట ఇంకో జంతువు, ఇంకో సౌష్ఠవంతో తయారవుతోంది. ఎడమా కుడీ ఒకేలా ఉండే ద్విపార్శ్వ సౌష్ఠవం నుంచి చక్రంలా చుట్టూ ఒకేలా ఉండే వలయ సౌష్ఠవం వస్తుందని రాయించాను. ఎలా వస్తుందంటే ఇలా వస్తుంది, ఒక్క పక్కన. మా పుస్తకం బొమ్మలో ఎడమా కుడీ అద్దంలో చూసినట్టు ఒకేలా ఉండేవి. నేనూ అలాగే గీశాను.

మరి ఎడమే ఎందుకు? ఫ్రాన్స్‌లో విల్‌ఫ్రాంష్ తీరంలో పనిచేసిన బృందం 2005లో దీని మీద ఒక అందమైన ఫలితం ప్రకటించింది. నోడల్ అనే జన్యువు సీ అర్చిన్ డింభకంలో కుడి పక్కన పనిచేస్తూ, ఆ వైపు రుడిమెంట్ తయారవకుండా ఆపుతుంది. ఆ జన్యువును అడ్డుకుంటే రెండు పక్కలా రుడిమెంట్లు వస్తాయి. ఇదే నోడల్ మన పిండంలోనూ ఉంది. మనలో అది ఎడమ పక్కన పనిచేసి గుండె, కడుపు ఏ వైపు తిరగాలో నిర్ణయిస్తుంది. కీటకాల కంటే, నత్తల కంటే ఎకైనోడర్మ్‌లు మనకు దగ్గరి చుట్టాలని పాఠంలో చెప్పేదాన్ని, ఏవో పిండ లక్షణాలు నాలుగు చెప్పి. నా గుండె ఎడమవైపు కొట్టుకోవడానికీ, ఈ మచ్చ ఇక్కడ ఉండటానికీ ఒకే పాత పరికరం కారణమని తెలిశాక ఆ చుట్టరికం నాకు వేరేలా అనిపించింది.

మధ్యాహ్నం భోజనానికి కూడా లేవబుద్ధి కాలేదు. మేనకోడలు రెండు జాడీలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకదానిలో తిండి పుష్కలం, ఇంకోదానిలో కరువు. ఒకే తల్లీతండ్రుల పిల్లలు. కరువు జాడీలోవాటి చేతులు పొడుగ్గా ఉన్నాయి, కడుపు చిన్నది. తిండి దొరకనప్పుడు చేతుల మీదే ఖర్చుపెడతాయి, ఎక్కువ నీటిని జల్లెడ పట్టడానికి. తిండి బాగా ఉంటే చేతులు పొట్టిగానే ఉంచి రుడిమెంట్ మొదలుపెట్టేస్తాయి. ఈ కేంద్రంలో దశాబ్దాలపాటు డింభకాల మీద పనిచేసిన రిచర్డ్ స్ట్రాత్‌మన్, ఆయన సహచరులు 1992లో ఇక్కడి నుంచి ఒక అడుగు ముందుకు ఆలోచించారు. తిండి ఎక్కువుంటే రుడిమెంట్ ముందే వస్తుందంటే, ఆ తిండి గుడ్డులోనే తల్లి పెట్టి పంపితే? పరిణామంలో తినని డింభకాలు పుట్టడానికి దారి ఇదే కావచ్చు కదా?

దానికి బతికున్న ఉదాహరణ ఆస్ట్రేలియాలో ఉంది. హెలియోసిడారిస్ అనే ప్రజాతిలో రెండు సీ అర్చిన్లు, పెద్దయ్యాక చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని గుడ్డు చిన్నది, ప్లూటియస్‌గా మారి వారాల తరబడి తింటూ తిరుగుతుంది. ఇంకోదాని గుడ్డు ఘనపరిమాణంలో సుమారు వంద రెట్లు పెద్దది. అందులోంచి వచ్చేది నోరు లేని నూనె ముద్ద లాంటి డింభకం, మూడు నాలుగు రోజుల్లో సీ అర్చిన్ అయిపోతుంది. ఈ రెండూ విడిపోయి నలభై యాభై లక్షల ఏళ్ళే అయింది. రుడాల్ఫ్ రాఫ్ అనే శాస్త్రజ్ఞుడు తన జీవితంలో పెద్ద భాగం ఈ జంట మీదే పెట్టాడు. పెద్దరూపం కదలకుండా, పసిరూపం మాత్రం ఇంతగా మారిపోయింది.

పిండాభివృద్ధి అనేది పూర్వీకుల చరిత్రను వరసగా తిరగేస్తుందని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెకెల్ 1866లో చెప్పిన సిద్ధాంతాన్ని నేను పాఠంగా చెప్పాను, విమర్శ ఒక్క పేరాలో. ఆ పేరా పెద్దది కావాల్సింది. డింభకం పాత ఫొటో కాదు. దానికి దాని ఆకలి ఉంది, దాని శత్రువులున్నారు, దాని పరిణామం దానికుంది.

శత్రువులంటే గుర్తొచ్చింది. చేప జిగురు కలిసిన నీళ్ళలో పెడితే సాండ్ డాలర్ డింభకాలు తమను తామే రెండుగా తెంచుకుని కవలలవుతాయి. ఈ కేంద్రంలోనే డాన్ వాన్, స్ట్రాత్‌మన్ 2008లో చూపించారు. నాలుగు రోజుల పసివి. చిన్నగా ఉంటే చేప కంటికి ఆనవు కదా.

నాలుగో రోజు

పొద్దున డాక్ మీంచి, నీళ్ళలో తేలే బుల్లి జీవులను పట్టే ప్లాంక్టన్ వల లాగాం. సీసాలో పొగమంచులా నీళ్ళు. మైక్రోస్కోప్ కింద ఎండ్రకాయల పిల్లలు, నత్తల పిల్లలు, పురుగుల పిల్లలు. వాటి మధ్య చెవులు కప్పే కోతి టోపీ లాంటిది ఒకటి తేలుతోంది, నెత్తిన సీలియా కుచ్చుతో సహా. పిలిడియం. నెమర్టీన్ అనే రిబ్బను పురుగు డింభకం. దాని పొట్ట చుట్టూ విడివిడిగా చర్మపు బిళ్ళలు ఏర్పడి, అన్నీ కలిసి లోపల ఒక బుల్లి పురుగు తయారవుతుంది. టోపీకీ పురుగుకీ ఆకారంలో ఏ పోలికా లేదు. వేళ వచ్చాక పురుగు టోపీని చీల్చుకుని బయటికి వస్తుంది, వస్తూ వస్తూ ఆ టోపీనే తినేస్తుంది. నిన్నటిదాకా తన ఒళ్ళే. ప్లూటియస్ ఎడమ పక్కన చూసిందాన్ని ఇంకో వర్గంలో, ఇంకో దారిలో, మళ్ళీ కనిపెట్టినట్టుంది.

మధ్యాహ్నం బస్సు పట్టుకుని దీవి దక్షిణాన సౌత్ బీచ్‌కి వెళ్ళాం. రేవు దగ్గర నీళ్ళు అద్దంలా ఉంటే ఇక్కడ నేరుగా జలసంధి నుంచి వచ్చే అలలు. కొట్టుకొచ్చిన దుంగల మీద కూర్చున్నాం. మేనకోడలు అలలు చూపిస్తూ చెప్పిన సంగతి నాకు ఈ ప్రయాణంలో దొరికిన మంచి సంగతుల్లో ఒకటి.

నడిసముద్రంలో తేలే బిడ్డకు ఒడ్డు దగ్గరికొచ్చానని ఎలా తెలుస్తుంది? వాసన ఒక గుర్తు. పెద్ద సాండ్ డాలర్లు ఉన్న ఇసుకలోంచి వచ్చే రసాయనం తగిలితే డింభకం దిగుతుంది. అమ్మానాన్నలు బతికిన చోటు బతకడానికి పనికొస్తుందనే కదా. కానీ ఇంకో గుర్తు కూడా ఉందని బ్రయన్ గేలార్డ్, జేసన్ హోడిన్, మాథ్యూ ఫెర్నర్ 2013లో ఊదారంగు సీ అర్చిన్ల మీద నిరూపించారు. వాళ్ళ పరికరంలో ఒక గొట్టం లోపల ఇంకో గొట్టం, మధ్య సన్నటి ఖాళీలో నీళ్ళు, తిప్పితే నీళ్ళు మెలిపడతాయి. రాళ్ళ తీరంలో అలలు విరిగేచోట ఉండేంత అలజడి. అందులో కొద్ది నిమిషాలు ఉంచి తీస్తే చాలు, ఇంకా దిగే వయసు రాలేదనుకున్న డింభకాలు వాసనకు స్పందించి దిగడానికి సిద్ధమైపోతాయి. తర్వాత సాండ్ డాలర్లలో కూడా ఇదే చూశారు. రూపవిక్రియ గడియారం పెట్టినట్టు జరగదన్నమాట. కంటికి ఆనని ఆ బిడ్డ నీటి కుదుపును కొలిచి, వాసన చూసి, అప్పుడు దిగుతుంది.

ఆ అలల శబ్దం సాయంత్రం దాకా చెవుల్లోనే ఉంది.

అయిదో రోజు

హోడిన్ ఇప్పుడు ఈ కేంద్రంలోనే సన్‌ఫ్లవర్ సముద్ర నక్షత్రాలను పెంచుతున్నారు. ఆయన్ను కలవలేదు గానీ ఆ నక్షత్రాలను చూశాను. పైకనోపోడియా హీలియాంథాయిడిస్. పెద్దవి మీటరు వెడల్పు వరకు ఎదుగుతాయి, పదహారు నుంచి ఇరవై నాలుగు దాకా చేతులు. నేను చూసింది భోజనం పళ్ళెమంత. తొట్టి గోడ మీద నడిచింది, నిజంగా నడిచింది, వేల నాళపాదాలతో, సముద్ర నక్షత్రం అంత వేగంగా కదులుతుందని నాకు తెలియదు.

2013లో అలాస్కా నుంచి మెక్సికో దాకా ఈ తీరమంతా సముద్ర నక్షత్రాలకు జబ్బు వచ్చింది. చేతులు మెలితిరిగి, ఊడిపడి, రోజుల్లో మొత్తం కరిగి ముద్దయిపోతాయి. ఇరవై జాతులకు పైగా సోకింది. అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది ఇదే. సుమారు 575 కోట్లు చనిపోయాయని అంచనా. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2020లో దీన్ని అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతిగా ప్రకటించింది. సీ అర్చిన్లను బాగా తినేవాటిలో ఇదొకటి కాబట్టి ఇది పోయేసరికి అర్చిన్లు పెరిగి, కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు అడవులను మేసేశాయి. ఉత్తర కాలిఫోర్నియాలో ఆ అడవులు తొంభై శాతానికి పైగా పోయాయి. జబ్బుకు కారణం విబ్రియో పెక్టెనిసిడా అనే బాక్టీరియా అని 2025 ఆగస్టులో తేలింది, పన్నెండేళ్ళ తర్వాత.

ఆ తొట్టి పక్క గదిలో వరసగా జాడీలు, ప్రతి దానిలో నెమ్మదిగా ఊగే తెడ్డు. జాడీల్లో బ్రాకియోలేరియా. నా బోర్డు మీది రెండో బొమ్మ. ఇవి పెరిగి, దిగి, అయిదు చేతుల నక్షత్రాలై, తర్వాత ఒక్కొక్క చేయి మొలిపించుకోవాలి. ఏ వాసనకు దిగుతాయి, దిగాక మొదట ఏం తింటాయి, ఎన్నాళ్ళకు ఎంతవుతాయి, ఇవన్నీ ఓపికగా కనుక్కున్నందువల్లే ఈ జాతిని తిరిగి సముద్రానికి ఇవ్వగలమన్న ఆశ ఉంది. డింభకాల పాఠం దేనికి పనికొస్తుంది మేడం అని ఒక పిల్లాడు అడిగాడు, చాలా ఏళ్ళ కింద. పరీక్షకు అని చెప్పాను. ఆ గదిలో వాడు గుర్తొచ్చాడు.

మూడింటికి చివరి పని. మేనకోడలి దగ్గర అయిదు వారాలు దాటిన సాండ్ డాలర్ డింభకాలు ఉన్నాయి. గిన్నెలో పెద్ద సాండ్ డాలర్ల తొట్టి నుంచి తీసిన ఇసుక చిటికెడు వేసి, మూడు డింభకాలను వదిలింది.

పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఒకటి అడుక్కు దిగి ఇసుక రేణువు పక్కన ఆగింది. దాని ఎడమ పక్కన చర్మం తెరుచుకుని ఒక నాళపాదం బయటికి వచ్చింది. చివర చిన్న గుండ్రటి బిళ్ళ. అది ఇసుక రేణువును తాకి, వెనక్కి తీసుకుని, మళ్ళీ తాకింది. ఇంకొకటి వచ్చింది. అప్పుడు చేతుల కండ ఊచల మీంచి కిందికి జారడం మొదలైంది, చేతికున్న చొక్కా ముడుచుకున్నట్టు. ఊచలు బోసిగా బయటపడ్డాయి. ఇన్ని వారాలు దాన్ని తేల్చి, తినిపించిన చేతులవి. ఎడమ పక్క అడుగుభాగమైంది. కుడి పక్క పైభాగమైంది. నోరు, గొంతు, చూస్తుండగానే కనిపించకుండా పోయాయి. గంట గడిచేసరికి అక్కడ అర మిల్లీమీటరు కూడా లేని గుండ్రటి జీవి, చుట్టూ ముళ్ళు, కింద అయిదు పాదాలు, వీపు మీద పాత ఊచ ఒకటి ఇంకా గుచ్చుకునే ఉంది. దానికి ఇంకా నోరు తెరుచుకోలేదు. ఇంకొన్ని రోజులు ఒంట్లో దాచుకున్నదాంతోనే గడపాలి. అయినా అది ఇసుక రేణువు ఎక్కుతోంది.

మిగతా రెండూ దిగలేదు. గిన్నె అంచున తేలుతూ తింటూనే ఉన్నాయి.

"ఫెర్రీ టైం అయింది అత్తా" అని మూడుసార్లు పిలిచింది.

సాయంత్రం ఫెర్రీలో కిటికీ పక్క బల్ల దొరికింది. బ్యాగులో కాగితం లేదు, ఫెర్రీ టైంటేబుల్ వెనక్కి తిప్పి ప్లూటియస్ గీశాను. చేతులు, ఊచలు, సీలియా పట్టీ, చెయ్యి దానంతటదే గీసుకుపోయింది. కడుపులో తిండి చుక్కలు వేశాను. కడుపు పక్కన సున్నా చుట్టి పెన్సిల్‌తో గట్టిగా నింపాను. బాణం గుర్తు పెట్టి, "దాని ఎడమ" అని పేరు రాశాను.